బాంబ్‌షెల్ కోడలు

గ్రైండర్లో మినప్పప్పు ఇంకా గరగరలాడుతుండగానే ఫోను మోగింది. సుమశ్రీ మోచేత్తో స్విచ్ ఆపి, వంటింటి తలుపు భుజంతో దగ్గరగా నెట్టి, పిండి అంటని చిటికెనవేలితో ఫోను నొక్కింది.

“సుమశ్రీయేనా అమ్మా? నేను బిందుమాధవిని. వైజాగ్‌లో నువ్వు పరీక్ష రాశావే, ఆ న్యూస్ వెబ్‌సైటు ఎడిటర్ని.”

“చెప్పండి మేడమ్,” అంది గానీ ఆ గొంతు తనదిలా లేదు.

“ఇంగ్లీషు వార్తలిచ్చి తెలుగు చెయ్యమన్నాం కదా. అందులో బాంబ్‌షెల్ అనే మాట ఉన్న వాక్యం ఒకటి, గుర్తుందా? ఎవరో ఒకాయన భార్య భోజనాల దగ్గర బాంబ్‌షెల్ పడేసిందని. అందరూ బాంబు పేల్చేశారమ్మా. ఒకబ్బాయయితే డైనింగ్ టేబుల్ కింద నిజం బాంబే పెట్టి, ఆవిడని అరెస్టు కూడా చేయించేశాడు. నువ్వొక్కదానివే, ‘భోజనాల దగ్గర ఆవిడ చెప్పిన కబురుకి కలిపిన ముద్ద ఎవరికీ నోటిదాకా వెళ్ళలేదు’ అని రాశావు. అది చదివి మా డెస్కులో టీలు చల్లారిపోయాయి. ఉద్యోగం నీదే. కాకపోతే రేపు పొద్దున్నే వచ్చి కూర్చోవాలి. ఉన్నట్టుండి ఒకమ్మాయి మానేసింది, ఆ సీటు ఖాళీగా ఉంచలేను. నీ తరవాతి పేర్లవాళ్ళు కూడా ఎదురుచూస్తున్నారు. ఇంట్లో మాట్లాడుకుని సాయంత్రంలోగా ఏదో ఒక మాట చెప్పు.”

ఫోను పెట్టేశాక సుమశ్రీ చేసిన మొదటి పని గ్రైండరు మళ్ళీ తిప్పడం. ఆ చప్పుడు లేకపోతే తన నవ్వు హాల్లోకి వినబడిపోతుంది. ఆ చప్పుడు చాటున ఆమె నవ్వింది, చిన్నగా గెంతింది, పిండి చేత్తో చెంప గీరుకుని మళ్ళీ నవ్వింది. ఎమ్మే ఇంగ్లీషు చదివి, అనువాదం అంటే ప్రాణం పెట్టి, పెళ్ళయి మూడు నెలలుగా ఇంట్లో తను చేసిన అనువాదమల్లా వాషింగ్ మెషిన్ మీద రాసున్నది అత్తగారికి చెప్పడం. ఇప్పుడు రోజూ వార్తలు. పొద్దున్న లేచి చీర కట్టుకుని, తనకంటూ ఒక కుర్చీ ఉన్న చోటికి వెళ్ళడం.

ముందు ఎవరికి చెప్పాలో ఆలోచించుకోనే అక్కర్లేదు. ఆదివారమైనా సరే తండ్రితో కలిసి బెల్లం గోడౌనుకి వెళ్ళిన మొగుడికి మెసేజ్ పెట్టింది: “గుడ్ న్యూస్. తొందరగా రండి. నోటితోనే చెప్తాను.” పక్కన ఎర్ర గుండెలు నాలుగు పెట్టి, సరిపోవనిపించి ఇంకో రెండు తగిలించింది.

అతని పేరు వెంకటసాయికృష్ణ. అందరికీ సాయి. బీటెక్ చదివి తండ్రి త్రినాధరావుగారి బెల్లం వ్యాపారంలోనే కుదురుకున్నాడు. ఇంగ్లీషు మాటలంటే అతనికి సెంటు సీసాలంత ఇష్టం, అక్కడో చుక్క ఇక్కడో చుక్క చల్లుకుంటాడు. రిసెప్షన్ నాడు స్నేహితుల ముందు ఆమె భుజం మీద చెయ్యి వేసి “మీట్ మై బాంబ్‌షెల్” అన్నాడు. స్నేహితులు ఈలలు వేశారు. సుమశ్రీకి సిగ్గు ముంచుకొచ్చింది గానీ, లోపల గిలిగింతలు పెట్టినట్టే అయింది. ఆ రాత్రి అత్తగారు పద్మకుమారి కొడుకుని పక్కకి పిలిచి, “అదేట్రా, అంతమందిలో కోడల్ని బాంబూ గీంబూ అంతన్నావు?” అని అడిగితే, “అందగత్తె అని అమ్మా, ఇంగ్లీషులో,” అన్నాడు సాయి. ఆ మాట ఆవిడకి ఎంత నచ్చిందంటే, మర్నాడు నూకాలమ్మ గుడిలో కనబడిన ప్రతి ఆవిడకీ “మా కోడలు బాంసెల్లు” అని చెప్పుకుంది. పనిమనిషి పైడితల్లి కూడా అందుకుంది. “మా మనవరాలు సామనసాయే గానీ అది కూడా బాంసెల్లేనమ్మా. సూత్తావుండు, ఓ పాలి తీసుకొత్తాను,” అంది.

మావగారి సంగతి వేరు. ఆయనకి తెలిసింది బాంబే. బెల్లం ధర పడిపోయిన రోజు “మార్కెట్లో బాంబు పడింది” అంటూ చెప్పులు విడుస్తారు. సాయంత్రం టీవీ పెడితే ఒక నాయకుడు బాంబు పేల్చాడని ఒక చానలూ, ఇంకో నాయకుడు అంతకంటే పెద్ద బాంబు పేల్చాడని ఇంకో చానలూ అరుస్తుంటాయి. అన్ని బాంబుల మధ్యా ఆయన తాపీగా వేరుశెనగలు ఒలుచుకుని తింటారు. ఒక్క ఇంగ్లీషు మాట అనకాపల్లి వచ్చి, ఒకే ఇంట్లో మూడు కాపురాలు పెట్టిందని సుమశ్రీకి భలే సరదాగా ఉండేది. ఎవరినీ సరిదిద్దలేదు. సరిదిద్దాలని అనిపించనంత సంతోషంగా ఉంది మరి. సాయి చొక్కా జేబులో మల్లెమొగ్గలు తెచ్చి తలగడ కింద పెడతాడు. పాకం బట్టీ దగ్గరనుంచి వేడి బెల్లం ముక్క ఆకులో చుట్టి తెచ్చి, అమ్మకంటే ముందు తన చేతిలో పెడతాడు. ఇంట్లో అందరికంటే ముందు లేచేది తనే, అందరికీ వేడి వేడి దోసెలు వేసి ఆఖరున చల్లారిన చట్నీతో తినేదీ తనే. అయినా దాన్ని కష్టమని అనుకోలేదు. కొత్త కాపురంలో అదొక ముచ్చట అనుకుంది. పరీక్ష రాస్తానంటే కాదనకుండా బండి మీద వైజాగ్ తీసుకెళ్ళిన మొగుడు ఎంతమందికి దొరుకుతాడు కనక.

మెసేజ్ వెళ్ళి పావుగంట కాలేదు, హాల్లో అత్తగారి ఫోను మోగింది. “అవునేటి? ... నిజమే? ... నాతో ఒక్క ముక్క అనలేదు చూడు గుంట,” అనడం వినబడింది. ఆ వెంటనే ఆవిడ వంటింట్లోకి వచ్చి, గ్రైండరు ఆపేసి, కోడలి రెండు చేతులూ పట్టుకుంది.

“లే. ఇంక నువ్వు ఈ గిన్నెలెత్తడాలూ అవీ పెట్టుకోకు. కూచో అలాగ.”

సుమశ్రీ తెల్లబోయింది. “ఆయన చెప్పేశారా అత్తయ్యగారూ? నేనింకా ఆయనకే పూర్తిగా చెప్పలేదు.”

“మెసేజ్ పెట్టేవంట కదా. అర్థం చేసుకోలేడేటి? మొగుడు కదా.”

నిజమే. పరీక్ష రాసిన నాటినుంచీ “ఏటి, రిజల్టు వచ్చిందా?” అని రోజూ ఏడిపిస్తున్నవాడు ఆ మాత్రం పోల్చుకోలేడా. సుమశ్రీకి కళ్ళు చెమర్చాయి. కోడలికి ఉద్యోగం వస్తే గ్రైండరు గిన్నె తను ఎత్తుకుంటానంటోంది అత్తగారు. తన స్నేహితురాళ్ళకి ఈ సంగతి చెబితే నమ్మరు. అత్తగారు మళ్ళీ హాల్లోకి వెళ్ళి రావికమతంలో ఉన్న చెల్లెలు చిన్నారికి ఫోను చేసింది. గొంతు తగ్గించి మాట్లాడుతోంది. సుమశ్రీ కాళ్ళు చాపుకుని కూర్చుని, పెళ్ళయ్యాక మొదటిసారి ఆ వంటిల్లు ఎంత చల్లగా, ఎంత గాలిగా ఉందో చూసింది.

మధ్యాహ్నం సాయి తండ్రి వెనకాలే జిలేబీ పొట్లంతో, మూర మల్లెపూలతో వచ్చాడు. వస్తూనే తల్లి చూడకుండా ఆమె నడుం చుట్టూ చెయ్యి వేసి, “థాంక్స్ బాంబ్‌షెల్,” అన్నాడు చెవిలో.

“మీకెలా తెలిసిపోయింది?”

“నాకు తెలీపోతే ఇంకెవరికి తెలుత్తాది?”

భోజనాలకి కూర్చున్నారు. వడ్డిస్తానని లేవబోతే అత్తగారు భుజం నొక్కి కూర్చోబెట్టేసింది. కొడుకు పక్కనే పీట వేసి, కోడలికి తన చేత్తో వడ్డించింది. ఆవ పెట్టిన పనసపొట్టు కూర, ముద్దపప్పు, చారెడు నెయ్యి. ఈ ఇంట్లో వేడన్నం తన కంచంలో పడటం ఇదే మొదలు. ఆవిరి మొహానికి తగులుతుంటే సుమశ్రీకి ఉన్నట్టుండి నవ్వొచ్చింది. చిన్నపిల్లలా నవ్వుతున్న కోడల్ని చూసి మావగారు కూడా నవ్వారు.

“ఇంకనుంచి ఈ ఇంట్లో సందడే సందడి,” అన్నారాయన. “చాన్నాళ్ళకి మంచి కబురు విన్నానమ్మా. నేనేం అడ్డు చెప్పను, అన్నీ మీ ఇష్టం. పేరు ఒక్కటి మాత్రం మా నాయన పేరు కలిసేలాగ పెట్టండి.”

సుమశ్రీకి అర్థం కాలేదు. “దేనికి మావయ్యగారూ?”

“దేనికేటి. మనవడికి.”

పప్పు కలిపిన ముద్ద సుమశ్రీ వేళ్ళ మధ్య అలాగే ఉండిపోయింది. ఆమె సాయి వైపు చూసింది. అతను కళ్ళతోనే మురిసిపోతున్నాడు. అత్తగారి వైపు చూసింది. ఆవిడ నేతిగిన్నె పట్టుకుని ఇంకో చెంచా వెయ్యడానికి వంగి ఉంది. పొద్దుటినుంచీ జరిగినదంతా, గిన్నె ఎత్తొద్దన్న మాట, చాపుకున్న కాళ్ళు, వేడన్నం, చెవిలో చెప్పిన థాంక్స్, ఒక్కొక్కటీ వెనక్కి తిరిగి ఇంకో మొహం చూపించాయి.

“అది కాదండీ,” అంది మెల్లగా. “నాకు ఉద్యోగం వచ్చింది. వైజాగ్ వెబ్‌సైటులో. రేపే రమ్మన్నారు. నేను పెట్టిన గుడ్ న్యూస్ అదీ.”

అత్తగారి చేతిలో చెంచా కోడలి కంచం మీదిదాకా వచ్చినది నెమ్మదిగా వెనక్కి వెళ్ళి గిన్నెలో పడింది.

“గుడ్ న్యూసంటే అదే కదేటే మరి?” అంది ఆవిడ. కోపం లేదు, ఉత్త ఆశ్చర్యమే. “పెళ్ళయిన ఆడపిల్లకి ఇంకో గుడ్ న్యూసు ఏటుంతాది?”

“ఇప్పుడు నేను మా చిన్నారికి ఏటని చెప్పను?” అంది మళ్ళీ తనే. “అది ఈపాటికి రావికమతం అంతా చాటింపు వేసేసుంతాది. దానికి అసలే నోట్లో నువ్వుగింజ నానదు.”

“నువ్వు నానబెట్టేవేటి? వంట అవకుండానే ఫోను చేసేవు,” అన్నారు మావగారు. తరవాత కోడలి వైపు తిరిగి, టీవీలో వాళ్ళ ధోరణిలోనే, “బాంబు పేల్చేసేవు కదమ్మా,” అన్నారు. నవ్వుతూనే అన్నారు. ఆ నవ్వు ఇంకా మూతి మీద ఉండగానే కొడుకుని పట్టుకున్నారు. “ఒరే సాయీ, అమ్మాయంటే చిన్నది, అడుగుతాది. నీ బుద్ధేటైంది? అసలు ఆ పరీక్షకి నువ్వెందుకు తీసుకెళ్ళేవు?”

సాయి అన్నంలో పులుసు పోసుకున్నాడు. “వత్తాదని ఎవరనుకున్నారు నాన్నా? హాలు నిండా జనమే. ఎలాగూ రాదు కదా, దాని సరదా తీరిపోతాది, అలాగే బీచ్ కూడా చూసినట్టుంతాదని తీసుకెళ్ళేను.” అని, కలుపుకుంటూ, “అమ్మా, అప్పడం,” అన్నాడు.

అప్పడం ఫెళఫెళా విరిగింది. సుమశ్రీ ఆ చప్పుడు విన్నది. ఆ వెనక అత్తగారూ మావగారూ ఇంకా ఏదో అనుకుంటున్నారు, అది చెవులకి చేరలేదు. బిందుమాధవిగారు మెచ్చుకున్న తన వాక్యం తప్పు. ఇప్పుడు తెలిసింది. కలిపిన ముద్ద ఎవరికీ నోటిదాకా వెళ్ళలేదని రాసింది తను. అందరి ముద్దలూ ఎక్కడ ఆగుతాయి? అన్నవాడి ముద్ద హాయిగా లోపలికి వెళుతుంది, పక్కన అప్పడం కూడా వెళుతుంది. విన్నవాళ్ళది ఒక్కటే ఆగుతుంది. అన్నవాడికి తను ఏదో పడేశానని కూడా తెలియదు.

ఆ పరీక్ష రోజు. పెళ్ళయిన ఈ మూడు నెలల్లోనూ ఏ రోజు మళ్ళీ కావాలని ఎవరైనా అడిగితే ఆ రోజునే చూపించేది సుమశ్రీ. తెల్లవారుతూనే బండి మీద బయలుదేరారు. సబ్బవరం దగ్గర, తన పుట్టింటికి వెళ్ళే మలుపులో, చలేస్తోందని అతని వీపుకి అతుక్కుపోతే “మీ నాన్న చూత్తాడేమో” అని ఏడిపించాడు. పరీక్ష హాలు గుమ్మం దగ్గర ఆమె నుదుటి మీద జుట్టు సర్దాడు. “ఆల్ ది బెస్ట్ బాంబ్‌షెల్,” అన్నాడు. తను లోపల మాటకి మాట వెతుక్కుంటూ, కొట్టేసుకుంటూ, చేతి చెమటకి పెన్ను జారిపోతుంటే, బయట అతను ఎండలో నిలబడి తనకోసం దేవుడికి దణ్ణం పెట్టుకుంటున్నాడనుకుంది. బయటికొచ్చాక “బాగా రాశానండీ” అంటే, “రాత్తావు, నాకు తెలుసు,” అన్నాడు. బీచ్‌లో మురీ మిక్స్చరు కొనిపెట్టి, నిమ్మకాయ ఎక్కువ పిండించాడు. అలల్లో చీర కుచ్చిళ్ళు తడిస్తే తనే వంగి పిండాడు, పదిమందీ చూస్తుండగా. ఆ వంగిన వీపుని చూసి, ఇతనికి నామీద ఎంత నమ్మకం అనుకుంది. నమ్మకం ఉన్న మాట నిజమే. రాదని నమ్మకం. ఆ నమ్మకం మీదే బండి స్టార్టయింది, మురీ మిక్స్చరు కొనబడింది, కుచ్చిళ్ళు పిండబడ్డాయి. రంగులరాట్నం ఎక్కుతానని పిల్ల మారాం చేస్తే ఎక్కిస్తాం, అది ఎక్కడికీ వెళ్ళదని తెలుసు కాబట్టి. అతను అబద్ధమేమీ ఆడలేదు. తిట్టలేదు, కొట్టలేదు. రేపు ఎవరికైనా చెప్పుకుందామన్నా చెప్పడానికి ఏమీ లేదు. తీసుకెళ్ళాడు, బీచ్ చూపించాడు, తీసుకొచ్చాడు. ఇందులో తప్పేమిటమ్మా అంటారు. ఆ రోజంతా ఎక్కడా ఏదీ మారలేదు. తీపి తీపిగానే ఉంది, గాలి గాలిగానే ఉంది. దాని అడుగున పరిచి ఉన్నదేమిటో ఇవాళ కనబడింది, అంతే.

“ఆ చిన్నారికి ఏటీ చెప్పకు,” మావగారు చెయ్యి కడుక్కుంటూ తేల్చేశారు. “ఎలాగూ ఇవాళ కాపోతే ఇంకో నెల, అయ్యేదే కదా. ఇప్పుడు కాదని చెప్తే మనకే నవ్వులాట. ఎవరైనా ఫోను చేత్తే అమ్మాయి ఊఁ అంటే చాలు. ఆ ఉద్యోగం మాట మాత్రం ఇంక ఎత్తకండి.”

“అదీ నిజమే,” అంది అత్తగారు తేలిగ్గా ఊపిరి తీసుకుని. భోజనాల దగ్గర పెట్టిన నేతిగిన్నె తీసి పైఅరలో పెట్టేసింది.

సుమశ్రీ కంచం ముందునుంచి లేచింది. లేని బిడ్డకి ఊఁ అనాలట. వచ్చిన ఉద్యోగానికి మాత్రం ఊఁ అనకూడదు. గదిలోకి వెళ్ళి మంచం అంచున కూర్చుంటే సాయి వెనకాలే వచ్చి తలుపు వేశాడు.

“కోపమా?” అని పక్కన కూర్చున్నాడు. “నాన్న అలాగే అంతారు. నేను నెమ్మదిగా చెప్తాను. ఓ రెండేళ్ళు పోనీ. ఇప్పటికి మాత్రం ఆ మేడమ్‌కి ఫోన్ చేసి, ఇంట్లో విశేషం, కుదరదండీ అని చెప్పేయ్. మర్యాదగా కూడా ఉంతాది.”

సుమశ్రీ అతని మొహంలోకి చూసింది. ఎగతాళి లేదు. మల్లెపూలు తెచ్చిన మొహమే అది.

“విశేషం లేదు కదండీ.”

“వాళ్ళకేటి తెలుత్తాది బాంబ్‌షెల్?”

“ఆ మాటకి అర్థం తెలుసా మీకు?”

“తెలీకేటి? చూపు తిప్పుకోలేనంత అందగత్తె.”

“అది ఆఖరున వచ్చిన అర్థం. మొదట్లో అది ఉత్త గుండు. ఇనప తొడుగు, లోపల పేలుడు మందు. తరవాత, వింటే గుండె ఆగే కబురుకి ఆ పేరు పెట్టారు. ఆ తరవాతే ఆడదానికి పెట్టారు.” ఆమె గొంతు క్లాసులో పాఠం చెబుతున్నట్టు నిలకడగా ఉంది, అది ఆమెకే వింతగా ఉంది. “మీకు ఆ మందు తీసేసిన తొడుగు కావాలి. బైట మెరుస్తూ ఉంటే చాలు. పేలదని నమ్మకం ఉండాలి.”

సాయి నవ్వేశాడు. “నీతో ఇదే, ఒక్క మాటంటే డిక్షనరీ తీత్తావు. ఇంతకీ ఏటంత తప్పు చేసేను? పరీక్షకి తీసుకెళ్ళనన్నానా?”

“లేదు. తీసుకెళ్ళారు.”

“మరి?”

మరి అన్నదానికి ఎంతసేపు వెతికినా ఆమె దగ్గర అతనికి అర్థమయ్యే మాట దొరకలేదు. పరాయి భాషలోంచి ఏ వాక్యమైనా తెచ్చి ఇంటి భాషలో కూర్చోబెట్టగలనని ఆమెకి గర్వం. ఇంటి భాషలో అతను అన్న మాటని ఆ ఇంటి మనిషికే విప్పి చెప్పలేకపోతోంది. సాయి ఆమె చెంప మీద ఇంకా అంటుకుని ఉన్న ఎండిపోయిన పిండిని గోటితో గీకి, “సాయంత్రం జిలేబీ తిందాంలే,” అని మంచం మీద వాలి, కాసేపట్లో నిద్రపోయాడు.

నాలుగవుతుంటే వంటింట్లోంచి అత్తగారి కేక వినబడింది. “సుమా, ఆ పిండి పొద్దుట్నుంచీ అలాగే వదిలేసేవు. తీసి పెట్టేయ్, రేపు దోసెలకి పులవాలి కదా.”

గ్రైండర్లో పిండి పైన తెట్టు కట్టి ఎండిపోయి ఉంది. పొద్దున్న ఆ గిన్నె ఎత్తొద్దన్నది ఈ నోరే. ఇంతలోనే గిన్నె బరువు మళ్ళీ కోడలిదైపోయింది. సుమశ్రీ నీళ్ళు చిలకరించి, ఇంకాసేపు తిప్పి, రెండు చేతులతోనూ రాయి పైకెత్తి, పిండి వేరే గిన్నెలోకి ఒంపింది. ఆఖరి చుక్కదాకా వేళ్ళతో తీసింది. చేతులు సబ్బుతో కడుక్కుంది. తుడుచుకుని, ఫోను తీసి, బిందుమాధవిగారి నంబరుకి మెసేజ్ పెట్టింది: “రేపు పొద్దున్నే వచ్చి కూర్చుంటాను మేడమ్.” ఈసారి పక్కన గుండెలేమీ పెట్టలేదు. పంపాక గుండెలు దడదడలాడతాయేమోనని ఆగి చూసింది. అలాంటిదేమీ జరగలేదు. గిన్నె మీద మూత పెట్టింది.

హాల్లోకి వచ్చేసరికి సాయి నిద్రలేచి టీ తాగుతున్నాడు. టీవీ మోగుతోంది. ఎవరో ఏదో బాంబు పేల్చారు, మావగారు వేరుశెనగలు ఒలుస్తున్నారు. అత్తగారి ఫోను మోగింది. చూసి ఆవిడ గాభరాపడింది.

“మా చిన్నారి. నీతోటే మాట్లాడతానని పొద్దుట్నుంచీ పీకేత్తోంది. ఊఁ అను చాలు. ఇంకేటీ అనకు,” అని ఫోను కోడలి చేతిలో పెట్టి, తనకీ వినబడాలని స్పీకరు నొక్కింది. మావగారు టీవీ గొంతు తగ్గించారు. సాయి కప్పు పట్టుకుని, పర్లేదులే అన్నట్టు ఆమెని చూసి కన్ను గీటాడు.

“సుమమ్మా,” రావికమతం నుంచి చిన్నారి గొంతు గదంతా నిండింది. “విన్నానమ్మా కబురు. మా అక్క చెప్తే నాకు కాలు నిలవలేదనుకో. ఇక్కడ మా వీధి వీధంతా చెప్పేసేను. నిజమే కదమ్మా?”

ఊఁ అనడానికి పెదాలు కూడా విప్పక్కర్లేదు. గొంతులో చిన్న చప్పుడు చేస్తే చాలు, ఆ తరవాత అందరూ కలిసి ఆ చప్పుడుని మోసుకుపోతారు. ఆ చప్పుడు గొంతుదాకా వచ్చింది కూడా. మూడు నెలలుగా అలవాటైన చప్పుడే. అది ఎంత సులువుగా, ఎంత తయారుగా వచ్చేసిందో సుమశ్రీ చూసింది. ఈ రోజు విన్నవాటన్నిట్లోనూ ఆమెని ఎక్కువ బెదరగొట్టింది తన గొంతులో సిద్ధంగా ఉన్న ఆ ఊఁ.

“నిజమే పిన్నిగారూ,” అంది. అత్తగారు హమ్మయ్య అన్నట్టు సోఫాలో వెనక్కి వాలింది. “మంచి కబురు ఉన్న మాట నిజమే. కాకపోతే మీ దాకా వచ్చేసరికి కొంచెం మారింది. నాకు వైజాగ్‌లో ఉద్యోగం వచ్చింది, న్యూస్ వెబ్‌సైటులో. వస్తున్నానని ఇందాకే వాళ్ళకి చెప్పేశాను.”

సాయి చేతిలో కప్పు సాసర్ మీద టకమని ఆగింది. మావగారి వేళ్ళ మధ్య వేరుశెనగ అలాగే ఉంది.

“ఓలమ్మ,” అంది అవతల చిన్నారి. “ఉద్యోగమా? మరి నేను వీధంతా అలాగ చెప్పేసేను కదమ్మా. ఇప్పుడేటి చెయ్యను?”

“ఏం చెయ్యక్కర్లేదు పిన్నిగారూ. రేపు పొద్దున్న మొదటి బస్సుకి నేను వెళ్ళి చేరుతున్నాను. ఈ కబురు కూడా అందరికీ చెప్పండి.”